ఇంటి కాయితాలు కుదువ పెడితే స్టాంపు డ్యూటీ ఎంత? ఎవరు కట్టాలి?

బేగం బజార్, గోషామహల్, ఉస్మాన్‌గంజ్, సిద్ధిఅంబర్ బజార్, నాంపల్లి పరిసరాల రుణ పథకాల లబ్ధిదారులకు వివరణ

ముందుగా ఒక మాట

బేగం బజార్‌లో తోపుడు బండి పెట్టుకున్నవారు, మసాలాలు దంచి ప్యాకెట్లు కట్టేవారు, ఇత్తడి, స్టీలు సామాన్లు అమ్మేవారు, మహిళా సంఘాల సభ్యులు చాలామంది ఏదో ఒక ప్రభుత్వ పథకం కింద లోను తీసుకుంటున్నారు. లోను చిన్నదిగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. వ్యాపారం పెరిగి పెద్ద లోను అడిగినప్పుడు "ఇంటి కాయితాలు పెట్టండి, స్టాంపు ఖర్చు కట్టండి" అంటారు. అప్పుడు ఎంత కట్టాలి, దేనికి కట్టాలి, ఏ కాయితం మీద సంతకం పెడుతున్నాం అన్నది తెలియక కొందరు ఎక్కువ పైసలు ఇస్తున్నారు. ఇంకొందరు ఇల్లే పోయే కాయితం మీద సంతకం పెడుతున్నారు. ఈ రెండూ జరగకుండా చూడటానికే ఈ వివరణ. తీరికగా ఒకసారి చదవండి. చదవడం రాని ఇంటి పెద్దలకు చదివి వినిపించండి.

1. మొదటి ప్రశ్న: మీ లోనుకు అసలు కుదువ అవసరమా?

స్టాంపు డ్యూటీ గురించి అడిగే ముందు ఈ ప్రశ్న అడగాలి. కుదువ లేకపోతే కుదువ పత్రం ఉండదు. ఆ పత్రం లేకపోతే దాని మీద డ్యూటీ కూడా ఉండదు. కింది లోన్లకు ఇల్లు, జాగా కాయితాలు పెట్టనవసరం లేదు.

• పీఎం స్వనిధి: వీధి వ్యాపారులకు. 2020 జూన్ 1న మొదలైంది. 2025 ఆగస్టులో చేసిన మార్పుల తర్వాత మొదటి విడత రూ.15,000 దాకా, రెండో విడత రూ.25,000 దాకా, మూడో విడత రూ.50,000 దాకా ఇస్తారు. గడువును 2030 మార్చి 31 వరకు పొడిగించారు. పూచీకత్తు లేదు.

• ముద్ర లోను: శిశు కింద రూ.50,000 దాకా, కిశోర్ కింద రూ.5 లక్షల దాకా, తరుణ్ కింద రూ.10 లక్షల దాకా. తరుణ్ లోను తీసుకుని సక్రమంగా తీర్చినవారికి తరుణ్ ప్లస్ కింద రూ.20 లక్షల దాకా.

• పీఎం విశ్వకర్మ: కంసాలి, కమ్మరి, కుమ్మరి, దర్జీ, చెప్పులు కుట్టేవారు వంటి చేతివృత్తులవారికి. 2023 సెప్టెంబర్ 17న మొదలైంది. మొదట రూ.1 లక్ష, అది తీర్చాక రూ.2 లక్షలు, 5 శాతం మిత్తికి. పూచీకత్తు లేదు.

• మహిళా సంఘాల బ్యాంకు లింకేజీ: సంఘానికి ఇచ్చే లోను రూ.10 లక్షల దాకా ఉంటే పూచీకత్తు అడగకూడదు, సంఘం పొదుపు ఖాతాను బిగపట్టకూడదు.

వీటితో పాటు, చిన్న, సూక్ష్మ వ్యాపారాలకు ఇచ్చే లోన్లలో కనీసం రూ.10 లక్షల దాకా ఉన్నవాటికి పూచీకత్తు తీసుకోవద్దని రిజర్వ్ బ్యాంక్ అన్ని బ్యాంకులకు నిబంధన పెట్టింది. మీరు కొనే సరుకు, మిషను మీద బ్యాంకుకు హక్కు రాసి ఇవ్వడం వేరు. అది ఇల్లు కుదువ పెట్టడం కాదు. దానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయే పని లేదు.

కాబట్టి, పై లోన్లకు "ఇంటి కాయితాల స్టాంపు ఖర్చు" అని మధ్యవర్తి ఎవరైనా పైసలు అడిగితే ఇవ్వకండి. బ్యాంకు మేనేజరును నేరుగా కలిసి "ఈ లోనుకు కుదువ ఎందుకు?" అని అడగండి.

2. స్టాంపు డ్యూటీ అంటే ఏమిటి?

ఆస్తికి, అప్పుకు సంబంధించిన కొన్ని కాయితాలు రాసుకున్నప్పుడు ప్రభుత్వానికి కట్టే పన్నే స్టాంపు డ్యూటీ. దీనికి మూలం 1899 నాటి భారత స్టాంపు చట్టం. ఏ కాయితానికి ఎంత డ్యూటీ అన్నది రాష్ట్రంలో షెడ్యూల్ 1-ఎ ప్రకారం నిర్ణయిస్తారు.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. డ్యూటీ అప్పు మీద కాదు, కాయితం మీద. అదే అప్పు బంగారం పెట్టి తీసుకుంటే ఒక లెక్క, ఇల్లు కుదువ రాసి తీసుకుంటే ఇంకో లెక్క, ఇల్లు అమ్మినట్టు రాసి ఇస్తే మరో లెక్క. అందుకే "ఎంత కట్టాలి?" కంటే ముందు "ఏ కాయితం రాస్తున్నారు?" అని అడగాలి.

స్టాంపు డ్యూటీ వేరు, రిజిస్ట్రేషన్ ఫీజు వేరు. రెండూ ఒకే చలానులో కట్టినా లెక్క విడివిడిగా ఉంటుంది. మీ రసీదులో రెండూ కనిపించాలి.

3. ఇల్లు కుదువ పెట్టడంలో రకాలు

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో కుదువను చాలా రకాలుగా చెప్పారు. మనకు ఎక్కువగా ఎదురయ్యేవి నాలుగు.

(అ) కాయితాలు అప్పగించి పెట్టే కుదువ: ఇంటి అసలు దస్తావేజులు బ్యాంకుకు అప్పగిస్తారు. ఇల్లు మీ చేతిలోనే ఉంటుంది. హైదరాబాద్‌లో బ్యాంకులు ఎక్కువగా చేసేది ఇదే. కాయితాలు అప్పగించినట్టు ఒక మెమోరాండం రాసి రిజిస్టర్ చేయిస్తారు.

(ఆ) సాదా కుదువ: కుదువ పత్రం రాసి ఇస్తారు. ఇల్లు మీ చేతిలోనే ఉంటుంది. అప్పు రూ.100 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఈ పత్రం తప్పకుండా రిజిస్టర్ కావాలి, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి.

(ఇ) స్వాధీన కుదువ: అప్పు తీరేదాకా ఇల్లు గానీ దుకాణం గానీ అప్పు ఇచ్చినవారి చేతికి పోతుంది. కిరాయి వాళ్లే తీసుకుంటారు. దీని మీద డ్యూటీ పై రెండింటి కంటే ఎక్కువ.

(ఈ) షరతు అమ్మకపు కుదువ: పైకి అమ్మకంలా రాస్తారు. "అప్పు తీర్చితే ఇల్లు తిరిగి ఇవ్వాలి" అనే షరతు ఉంటుంది. అన్నిటికంటే ప్రమాదం దీనిలోనే ఉంది. కింద 6వ భాగంలో చూడండి.

బంగారం గిర్వి పెట్టడం వీటిలోకి రాదు. బంగారం కదిలే వస్తువు. దానికి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్ట్రేషన్ లేదు.

4. లెక్క ఎలా వేస్తారు?

బేగం బజార్‌లో స్టీలు గిన్నెల దుకాణం నడిపే ఒక అక్క సంగతి అనుకుందాం. గోషామహల్‌లో చిన్న ఇల్లు ఉంది. ఇంటి విలువ రూ.40 లక్షలు. హోల్‌సేల్‌గా సరుకు దించుకోవడానికి బ్యాంకు నుంచి రూ.12 లక్షల లోను తీసుకుంటోంది. ఇంటి కాయితాలు బ్యాంకుకు అప్పగిస్తోంది.

కాయితాలు అప్పగించే కుదువకు, సాదా కుదువకు తెలంగాణలో స్టాంపు డ్యూటీ లోను మొత్తం మీద 0.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 0.1 శాతం.

స్టాంపు డ్యూటీ: రూ.12,00,000 మీద 0.5 శాతం = రూ.6,000
రిజిస్ట్రేషన్ ఫీజు: రూ.12,00,000 మీద 0.1 శాతం = రూ.1,200
రెండూ కలిపి: రూ.7,200

దీనికి తోడు ఆఫీసు సేవా రుసుము కొంత ఉంటుంది. చలాను తీసే రోజు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని ఫీజు లెక్క పేజీలో ఆనాటి రేటు చూసుకోండి. రేట్లు ప్రభుత్వ ఉత్తర్వులతో మారుతుంటాయి.

ఈ లెక్కలో చాలామంది పొరపడే మూడు విషయాలు:

• డ్యూటీ ఇంటి విలువ మీద కాదు. అక్క ఇల్లు రూ.40 లక్షలదైనా లెక్క రూ.12 లక్షల మీదే. "ఇంటి విలువ మీద కట్టాలి" అని ఎవరైనా అంటే అది తప్పు.

• డ్యూటీ మిత్తి మీద కాదు. కుదువ పత్రంలో మిత్తి ఎంతో రాసినా డ్యూటీ పెరగదు. స్టాంపు చట్టం 23వ సెక్షన్ ఇదే చెబుతుంది. అసలు మీదే లెక్క.

• లోను పెంచితే మళ్లీ కట్టాలి. రెండేళ్ల తర్వాత అదే ఇంటి మీద ఇంకో రూ.3 లక్షలు తీసుకుంటే, ఆ పెరిగిన రూ.3 లక్షల మీద డ్యూటీ పడుతుంది. మిత్తి తక్కువని లోనును వేరే బ్యాంకుకు మార్చుకున్నా కొత్త బ్యాంకులో కుదువ కొత్తగా రాయాలి, డ్యూటీ మళ్లీ కట్టాలి. మిత్తిలో మిగిలేది ఈ ఖర్చు కంటే ఎక్కువో కాదో ముందే లెక్క వేసుకోండి.

5. డ్యూటీ ఎవరు కట్టాలి?

వేరే ఒప్పందం లేకపోతే కుదువ పత్రం రాసి ఇచ్చేవారే, అంటే లోను తీసుకునేవారే కట్టాలి. స్టాంపు చట్టం 29వ సెక్షన్ ప్రకారం ఇది నియమం. బ్యాంకు తాను కడతానని రాసి ఒప్పుకుంటే కట్టవచ్చు.

మీరు కట్టాలి అంటే ఎవరి చేతిలోనో పెట్టాలని కాదు. చలాను మీ పేరు మీద తీయండి. బ్యాంకు వాళ్లే తీస్తే చలాను నకలు అడగండి. 2024 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ప్రతి చిల్లర లోనుకు, చిన్న వ్యాపార లోనుకు ముందుగానే "కీలక వివరాల పత్రం" ఇవ్వాలి. లాయరు ఫీజు, బీమా వంటి బయటివారికి పోయే ఖర్చులు బ్యాంకు మీ దగ్గర వసూలు చేస్తే అవి కూడా అందులో ఉండాలి. అందులో లేని ఖర్చును మీ ఒప్పుదల లేకుండా తర్వాత వేయకూడదు. సంతకానికి ముందే ఈ పత్రం చేతిలోకి తీసుకుని ఇంటికి తెచ్చి చదవండి.

"పథకం లోను కదా, డ్యూటీ మాఫీ ఉంటుంది" అని కొందరు అనుకుంటారు. మాఫీ దానంతట అది రాదు. స్టాంపు చట్టం 9వ సెక్షన్ కింద ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తేనే డ్యూటీ తగ్గుతుంది, లేదా పూర్తిగా పోతుంది. మీ పథకానికి మాఫీ ఉందని ఎవరైనా చెబితే జీఓ నంబరు, తేదీ అడగండి. ఉంటే ఆ నకలు కుదువ పత్రంతో జతచేయండి. అదేవిధంగా, మాఫీ ఉన్నా కట్టించుకుంటున్నారని అనిపిస్తే కూడా జీఓ చూపించే అడగండి.

6. బాండు పేపర్ మీద సంతకం పెట్టే ముందు

బ్యాంకు లోను ఆలస్యమైనప్పుడు చాలామంది గిర్వి దుకాణం సేటు దగ్గరికో, తెలిసిన షావుకారు దగ్గరికో పోతారు. అక్కడ రూ.100 బాండు పేపర్ మీద ఏదో రాసి సంతకం పెట్టమంటారు. బాండు పేపర్ ఉన్నంత మాత్రాన కాయితం చెల్లుతుందని అనుకోవద్దు. అందులో ఏం రాశారన్నదే ముఖ్యం.

ఈ నాలుగింటిలో ఏది ఉన్నా సంతకం పెట్టకండి.

మొదటిది, ఖాళీ బాండు పేపర్. "మేం తర్వాత రాసుకుంటాం" అంటే ఒప్పుకోవద్దు.

రెండోది, అప్పు తీసుకుంటూ "అమ్మకపు ఒప్పందం" లేదా "జీపీఏ" రాయించడం. అప్పు మాట నోటి మాటగానే ఉంటుంది. కాయితంలో మాత్రం మీరు ఇల్లు అమ్మినట్టు, పైసలు ముట్టినట్టు ఉంటుంది. రేపు అప్పు తీర్చబోతే "ఇల్లు నేను కొన్నాను" అంటే ఏం చేస్తారు?

మూడోది, అమ్మకపు దస్తావేజు ఒకటి, "తిరిగి ఇస్తాను" అనే కాయితం వేరొకటి. చట్టం ప్రకారం తిరిగి ఇచ్చే షరతు అమ్మకపు దస్తావేజులోనే ఉండాలి. వేరే కాయితంలో ఉంటే దాన్ని కుదువగా లెక్కించరు, అమ్మకంగానే చూస్తారు. ఈ ఒక్క వాక్యం తెలియక ఇండ్లు పోతాయి.

నాలుగోది, మీకు అర్థం కాని భాషలో రాసిన కాయితం. బేగం బజార్‌లో తెలుగు, ఉర్దూ, హిందీ, మార్వాడీ అన్నీ నడుస్తాయి. మీకు వచ్చిన భాషలో చదివి వినిపించిన తర్వాతే, మీ మనిషి ఒకరు పక్కన ఉండగానే సంతకం పెట్టండి.

వడ్డీ వ్యాపారికి లైసెన్సు ఉందో లేదో అడగడం మీ హక్కు. తెలంగాణలో వడ్డీ వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి. నిజాం కాలంలో 1349 ఫస్లీలో వచ్చిన చట్టం దీనికి ఆధారం.

7. స్టాంపు తక్కువైతే ఏమవుతుంది?

కొంత ఖర్చు తగ్గుతుందని రూ.100 పేపర్ మీదే కుదువ రాసుకుంటే తర్వాత రెండు కష్టాలు వస్తాయి.

ఒకటి: స్టాంపు సరిగా లేని కాయితాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. తక్కువైన డ్యూటీ, దాని మీద పది రెట్ల దాకా జరిమానా కడితేనే చూస్తుంది. పై అక్క రూ.6,000 కట్టాల్సిన చోట రూ.100 పేపర్ మీదే రాస్తే రూ.5,900 తక్కువైంది. జరిమానా రూ.59,000 దాకా పడవచ్చు. రెండూ కలిపితే రూ.64,900. రూ.5,900 మిగుల్చుకుందామని పోతే ఇంత.

రెండు: రిజిస్టర్ కావలసిన కుదువ రిజిస్టర్ కాకపోతే ఆస్తి మీద దానికి బలం ఉండదు. "ఇది అప్పుకు పెట్టిన కుదువే, అమ్మకం కాదు" అని మీరే నిరూపించాల్సి వచ్చినప్పుడు మీ చేతిలో నిలబడే కాయితం ఉండదు. కాబట్టి సరైన స్టాంపు అప్పు ఇచ్చినవారికే కాదు, మీకూ రక్షణ.

మరి కాయితాలు ఊరికే అప్పగిస్తే, ఏమీ రాయకపోతే? అలా కేవలం దస్తావేజులు అప్పగించడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని, ఒప్పందాన్ని రాతపూర్వకంగా పెట్టుకుంటే మాత్రం లెక్క మారుతుందని సుప్రీం కోర్టు 2013లో హర్యానా ప్రభుత్వం, నర్వీర్ సింగ్ కేసులో చెప్పింది. కానీ ఏ రాతా లేకుండా ప్రైవేటు మనిషికి మీ ఇంటి అసలు కాయితాలు ఇవ్వకండి. ఇచ్చినట్టు రుజువు ఏది?

8. ఆఫీసుకు వెళ్లే ముందు ఇవి చూసుకోండి

• ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? తాత పేరు మీదే ఉండి వాటాలు తేలకపోతే మిగతా వారసుల సమ్మతి లేకుండా మీరొక్కరే మొత్తం ఇల్లు కుదువ పెట్టలేరు.

• దుకాణం కిరాయిదా? పగిడీ కట్టి ఎన్నేళ్లు నడిపినా ఆ జాగా మీది కాదు. మీది కానిది కుదువ పెట్టకూడదు.

• ప్రభుత్వం ఇచ్చిన జాగా, డబుల్ బెడ్‌రూం ఇల్లు అయితే పట్టా షరతులు చదవండి. అసైన్డ్ భూమిని ప్రైవేటు వ్యక్తికి కుదువ పెట్టడం కూడా నిషేధించిన బదిలీ కిందికే వస్తుంది.

• ఈసీ తీయించండి. మీసేవలో గానీ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో గానీ దొరుకుతుంది. ఆ ఇంటి మీద పాత అప్పు ఉంటే అందులో కనిపిస్తుంది.

• కుదువ పత్రంలో మీ పేరు, ఇంటి నంబరు, హద్దులు, లోను మొత్తం సరిగా ఉన్నాయా చూడండి. లోను రూ.12 లక్షలైతే పత్రంలో రూ.20 లక్షలు రాయకూడదు. డ్యూటీ ఎక్కువ పడుతుంది, ఇంటి మీద భారమూ ఎక్కువ ఉంటుంది.

• సంతకాలకు ముందే, లేదా ఆ రోజే స్టాంపు ఉండాలి. సంతకం పెట్టిన రోజు నుంచి 4 నెలల లోపు రిజిస్ట్రేషన్‌కు ఇవ్వాలి.

• బ్యాంకుకు అప్పగించే ప్రతి కాయితానికి జాబితా రాయించి, బ్యాంకు ముద్రతో నకలు తీసుకోండి. మీ ఫోనులో ఫోటోలు తీసి పెట్టుకోండి.

• బ్యాంకు మీ కుదువను సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్టరులో కూడా ఎక్కిస్తుంది. దీనికి రూ.5 లక్షల లోపు లోనుకు రూ.50, అంతకు మించితే రూ.100, పైన జీఎస్టీ. ఇంతకంటే వేలల్లో అడిగితే రసీదు అడగండి.

9. అప్పు తీరిన తర్వాత చేయాల్సినవి

చాలామంది ఆఖరి కిస్తీ కట్టి ఊపిరి పీల్చుకుంటారు, కాయితాల సంగతి మరిచిపోతారు. అప్పు తీరినా ఈసీలో కుదువ అలాగే కనిపిస్తుంటే రేపు ఇల్లు అమ్మాలన్నా, పిల్లల చదువుకు లోను కావాలన్నా అడ్డం వస్తుంది.

1) బ్యాంకు నుంచి "బాకీ లేదు" పత్రం తీసుకోండి.
2) అసలు కాయితాలు జాబితా ప్రకారం సరిచూసుకుని తీసుకోండి.
3) కుదువ రిజిస్టర్ అయి ఉంటే విడుదల పత్రం కూడా రిజిస్టర్ చేయించమని అడగండి.
4) కొన్ని రోజుల తర్వాత కొత్త ఈసీ తీసి, కుదువ తీరినట్టు ఎక్కిందో లేదో చూడండి.

రిజర్వ్ బ్యాంక్ 2023 సెప్టెంబర్‌లో ఇచ్చిన ఆదేశం ప్రకారం 2023 డిసెంబర్ 1 నుంచి, లోను పూర్తిగా తీరిన 30 రోజుల లోపు బ్యాంకు మీ అసలు ఆస్తి కాయితాలు తిరిగి ఇవ్వాలి, రిజిస్టర్లలో ఉన్న భారాన్ని తొలగించాలి. వాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. కాయితాలు పోగొట్టినా, పాడుచేసినా నకళ్లు తెప్పించడంలో సాయం చేయాలి, ఆ ఖర్చు వాళ్లే భరించాలి. ఇది బ్యాంకులకు, రిజర్వ్ బ్యాంక్ కింద ఉన్న ఫైనాన్స్ కంపెనీలకు వర్తిస్తుంది. గిర్వి సేటుకు వర్తించదు. తేడా అక్కడే ఉంది.

10. తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: లోను మంజూరు కాలేదు. కొన్న స్టాంపు పేపర్ వృథాయేనా?
జవాబు: వాడని స్టాంపును ఆరు నెలల లోపు రిజిస్ట్రేషన్ అధికారులకు దరఖాస్తుతో ఇస్తే కొంత కోతతో పైసలు తిరిగి ఇచ్చే వీలు చట్టంలో ఉంది.

ప్రశ్న: సంఘం లోనుకు నా ఇంటి కాయితాలు అడిగారు. ఇవ్వాలా?
జవాబు: రూ.10 లక్షల లోపు సంఘం లోనుకు ఇవ్వనవసరం లేదు. ముందు సంఘం మీటింగులో చెప్పండి, తర్వాత బ్యాంకు మేనేజరును రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: ఎవరికి ఫిర్యాదు చేయాలి?
జవాబు: బ్యాంకు మీద అయితే ముందు ఆ బ్యాంకుకే రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఇవ్వవచ్చు. సమాచారానికి 14448 నంబరుకు ఫోన్ చేయండి. స్టాంపు, రిజిస్ట్రేషన్ విషయం అయితే జిల్లా రిజిస్ట్రారుకు ఇవ్వండి. శాఖ ప్రధాన కార్యాలయం మనకు దగ్గర్లోనే, నాంపల్లి ఎం.జె. రోడ్డులో ఉంది.

గుర్తుంచుకోవాల్సినవి

• ముందు అడగండి: ఈ లోనుకు కుదువ కావాలా?
• డ్యూటీ లోను మొత్తం మీద. ఇంటి విలువ మీద కాదు, మిత్తి మీద కాదు.
• ఖాళీ పేపర్ మీద, అమ్మకపు కాయితం మీద అప్పు కోసం సంతకం వద్దు.
• ప్రతి రూపాయికి చలాను లేదా రసీదు.
• అప్పు తీరిన 30 రోజుల్లో కాయితాలు ఇంటికి రావాలి.

లోను మళ్లీ దొరుకుతుంది. ఇల్లు మళ్లీ దొరకదు. ఈ పీడీఎఫ్‌ను మీ సంఘం గ్రూపులో, మీ బజారు గ్రూపులో పంపండి. రేపే ఎవరో ఒకరు బాండు పేపర్ మీద సంతకం పెట్టబోతూ ఉండవచ్చు.